జబ్బుపడ్డ కోతికి మొదటి మూడు రోజులు: ఏది ముందు, ఏది తర్వాత

సంరక్షణ కేంద్రానికి ప్రాణం మీదికొచ్చిన కోతిని తెచ్చారంటే అందరి చేతులూ ఒకేసారి దాని మీద పడతాయి. ఒకరు అరటిపండు నోటికి అందిస్తారు, ఒకరు సీసాతో నీళ్లు పోస్తారు, ఇంకొకరు గాయం కడగబోతారు. జబ్బు మిగిల్చిన కాస్త ప్రాణాన్ని చాలాసార్లు ఈ తొందరే తీస్తుంది. వరుస మారకూడదు: ముందు నిశ్శబ్దం, తర్వాత వెచ్చదనం, తర్వాత నీరు, ఆ పైనే మేత. మందులు పశువైద్యుడి చేతిలో పని. అవి ఒంటికి పట్టాలంటే మాత్రం ఈ నాలుగూ మీరు సరిగా చేసి ఉండాలి.

ఇక్కడి లెక్కలన్నీ 5 కిలోల కోతికి. తెలుగు జిల్లాల్లో కేంద్రాలకు వచ్చేవి ఎక్కువగా రెండు రకాలు. పొడవాటి తోకతో, నడినెత్తిన పాపిడి తీసి టోపీ పెట్టినట్టు జుట్టుండేది బోనెట్ మకాక్. తోక పొట్టిగా, పిర్రలు ఎర్రగా ఉండేది రీసస్ మకాక్. రెండింటికీ సేవ ఒకటే. కొండముచ్చుకు మాత్రం ఇందులోని మేత పద్ధతి వాడకండి. అది ఆకులు పులియబెట్టుకుని అరిగించుకునే జంతువు, తీపి పండ్లూ జావా పడితే దాని కడుపు పాడవుతుంది.

బోను దగ్గరికి వెళ్లేముందు

రెండు జతల చేతి తొడుగులు, ఎన్95 మాస్కు, కళ్లతో సహా మొహమంతా కప్పే షీల్డు, పొడుగు చేతుల చొక్కా, గమ్ బూట్లు వేసుకోండి. ఎండాకాలం కదా అని షీల్డు తీసేస్తే అక్కడే చిక్కు. మకాక్ జాతి కోతుల్లో హెర్పిస్ బి అనే వైరస్ ఉంటుంది. కోతికి దాంతో పెద్ద బాధ ఉండదు, మనిషికి సోకితే మెదడు వాచి చనిపోయే ప్రమాదముంది. జబ్బులో, బెదురులో ఉన్న కోతి ఉమ్మిలో అది బయటపడే అవకాశం ఎక్కువ. కరిచినా, రక్కినా, ఉమ్మి కంట్లో పడినా ఆటో ఎక్కేముందే 15 నిమిషాలు కడగాలి. గాయమైతే సబ్బుతో, కన్నయితే ధారగా మంచినీళ్లతో. 15 నిమిషాలంటే గడియారం చూసుకుని 15 నిమిషాలు. ఆసుపత్రిలో 'కోతి కరిచింది' అంటే రేబిస్ టీకా ఒక్కటే గుర్తొస్తుంది. 'మకాక్ కోతి, బి వైరస్ సంగతి కూడా చూడండి' అని మీరే చెప్పాలి. రేబిస్ టీకాలు, గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అప్పుడు కూడా తప్పవు.

జబ్బులు మన నుంచి కోతికీ వెళతాయి. క్షయ, తట్టు, జలుబు మనిషి దగ్గర అంటించుకున్న కోతి గుంపంతటికీ పంచుతుంది. దగ్గుతున్నవారు ఆ రోజు కోతుల వైపు వెళ్లకూడదు.

మొదటి గంటలో ఒక అనుమానం తేల్చుకోవాలి. కారణం లేకుండా మీద పడటం, నోట్లోంచి చొంగ, వెనక కాళ్లు పడిపోవడం, గొంతు మారడం, వీటిలో ఏది కనిపించినా రేబిస్ అనే భావించి ఎవరూ ముట్టకుండా డాక్టరు వచ్చేదాకా విడిగా ఉంచండి. దవడ బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు. ఆ రెంటినీ దూరం నుంచి మీరు విడదీయలేరు.

ముట్టకుండా పది నిమిషాలు

కోతి తన జబ్బును దాస్తుంది. గుంపులో నీరసం బయటపెడితే తన్నులు తినాలి, అందుకని మనిషి ఎదుట పడగానే నిటారుగా కూర్చుంటుంది. కాబట్టి అది మిమ్మల్ని చూడని చోట, గోనెపట్టా చాటునో కిటికీ పక్కనో నిలబడి చూడండి. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ముడుచుకుందా? ఒంటి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా? పళ్లు కొరుకుతోందా? (అది నొప్పికి గుర్తు.) పళ్లన్నీ బయటపెట్టి ఇకిలిస్తే నవ్వుతోందనుకోకండి, అది భయం. ఊపిరి లెక్కపెట్టండి: కుదురుగా ఉన్న కోతి నిమిషానికి 30 నుంచి 50 సార్లు తీస్తుంది. 60 దాటి, పొట్ట కూడా ఎగసిపడుతుంటే ఆక్సిజన్ సిద్ధం చేయాలి.

కళ్లలోకి సూటిగా చూడకండి. మకాక్‌కు అది సవాలు. పక్కకు తిరిగి, కళ్లు దించుకుని, పెదాలు చప్పరించినట్టు చేస్తే 'నీతో గొడవ లేదు' అని దాని భాషలో చెప్పినట్టు. సేవకు ఇద్దరినే కేటాయించండి, మూడు రోజులూ ఆ ఇద్దరే. కుక్కల అరుపు వినపడని గది అయి ఉండాలి. చూడ్డానికి వచ్చేవాళ్లు, ఫోన్లు, దండాలు, కొబ్బరికాయలు ఏవీ లోపలికి వద్దు. ఆంజనేయుడి మీద భక్తి మంచిదే, ఆ గది బయట చూపించుకోవచ్చు.

పట్టుకోవాలంటే వెనక పలక ముందుకు జరిగే స్క్వీజ్ బోను వాడండి. వలలు, కర్రలతో వెంటపడితే ఒంటి వేడి నిమిషాల్లో 40 డిగ్రీలకు ఎక్కుతుంది, ఆ తర్వాత చూసిన జ్వరం లెక్క దేనికీ పనికిరాదు. మత్తు ఇవ్వాల్సివస్తే డాక్టరు కెటమిన్ వాడతారు, మామూలుగా కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు. బాగా నీరసించినదానికి ఆ తక్కువ మోతాదే ఎక్కువ. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల సీసాలోంచి 5 కిలోల కోతికి కిలోకు 5 చొప్పున అంటే అర మిల్లీలీటరు. మత్తు చేసేది 15-20 నిమిషాలు, కాబట్టి చేయాల్సిన పనుల వరుస ముందే గోడకు అంటించండి: బరువు, జ్వరం, గ్లూకోజ్, రక్తం, నరానికి క్యాన్యులా, గాయం, క్షయ పరీక్ష. కెటమిన్‌లో కళ్లు తెరుచుకునే ఉంటాయి, ఆరిపోకుండా కంటి ఆయింట్‌మెంట్ రాయండి. అన్నిటికంటే ముందు వేలికి గాజుగుడ్డ చుట్టి రెండు బుగ్గ సంచులూ ఖాళీ చేయండి. అక్కడ దాచుకున్న శనగలు మత్తులో ఊపిరితిత్తుల్లోకి జారితే వైద్యం చేసి లాభం లేదు.

క్షయ పరీక్షకు ట్యూబర్‌క్యులిన్ 0.1 మి.లీ. పైకనురెప్ప చర్మంలోకి ఇస్తారు. కనురెప్పే ఎందుకంటే 24, 48, 72 గంటలకు వాపు చూడ్డానికి దాన్ని మళ్లీ పట్టుకోనక్కర్లేదు, బోను బయటి నుంచే కనిపిస్తుంది. అయితే ఒళ్లు బాగా చెడిన కోతిలో క్షయ ఉన్నా వాపు రాకపోవచ్చు. వాపు లేదు కదా అని గుంపులో కలపకండి. రెండేసి వారాల తేడాతో మళ్లీ చేయించండి. ఎటుచూసినా 31 రోజులకు తగ్గకుండా విడిగా ఉండాల్సిందే.

వెచ్చదనం

మకాక్ మామూలు వేడి 38 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్. 37 కంటే తగ్గితే మిగతావన్నీ ఆపి వేడి సంగతి చూడండి. లీటరు ప్లాస్టిక్ సీసాల్లో గోరువెచ్చటి నీళ్లు నింపి, తువ్వాలు చుట్టి, చంకల పక్కన, తొడల మధ్య పెట్టండి. చర్మానికి నేరుగా తగిలితే కాలుతుంది, స్పృహ లేనిది తప్పుకోలేదు. గది 27-29 డిగ్రీలు ఉండాలి. గంటకు ఒక డిగ్రీ చొప్పున పెరిగితే చాలు. గబుక్కున వేడి చేస్తే చర్మంలోని రక్తనాళాలు తెరుచుకుని, గుండెకు చేరాల్సిన రక్తం పక్కకు పోతుంది.

ఒళ్లు చల్లగా ఉన్నంతసేపు నోటికి ఏదీ ఇవ్వకండి. పేగు కదలదు, పోసింది పోసినట్టే ఉండి ఉబ్బుతుంది.

మే నెలలో వ్యాను వెనక బోనులో తెచ్చినవాటికి ఉల్టా సమస్య. 41 దాటి వచ్చినదాన్ని తడి గుడ్డ, ఫ్యానుతో చల్లార్చండి, ఐసు వద్దు. 39.5కు రాగానే ఆపేయండి, లేకపోతే అదే ఊపులో 36కు పడిపోతుంది.

నీరు

చిగుళ్లు వేలికి జిగటగా తగిలితే ఒంట్లో నీరు 5 శాతం తగ్గినట్టు. కళ్లు లోపలికి పోయి, ఛాతీ పక్క చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిస్తే 8 శాతం. చిగురు నొక్కి వదిలితే ఎరుపు 2 సెకన్లలో తిరిగి రావాలి. రాకపోయినా, కాళ్లూ చేతులూ చల్లబడినా అది షాక్ (రక్తప్రసరణ పడిపోవడం), 10 శాతం దాటింది. ముసలి కోతిలో చర్మం ఎప్పుడూ వదులే కాబట్టి చిగుళ్లనే నమ్మండి.

లెక్క: బరువు × శాతం × 10. మన 5 కిలోల కోతికి 8 శాతం లోటు అంటే 400 మి.లీ. దీనికి రోజువారీ అవసరం కిలోకు 60 చొప్పున 300 కలిపితే 24 గంటలకు 700 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే సెలైన్. మొదటి 8 గంటల్లో లోటులో సగమూ రోజువారీలో మూడో వంతూ, అంటే 300. మిగిలిన 16 గంటల్లో 400. మిల్లీలీటరుకు 60 చుక్కల మైక్రో సెట్ తెప్పించుకుంటే పని తేలిక, గంటకు ఎన్ని మి.లీ. కావాలో నిమిషానికి అన్ని చుక్కలు. ముందు 37-38 చుక్కలు, తర్వాత 25. విరేచనాల్లో, వాంతుల్లో పోయింది దీనికి అదనంగా కలపాలి. షాక్‌లో ఉంటే డాక్టరు ముందుగా కిలోకు 10-20 మి.లీ. 15-20 నిమిషాల్లో ఎక్కించి మళ్లీ చూస్తారు.

సీసాను బకెట్టు వేడినీళ్లలో ఉంచి, మీ మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి ఎక్కించండి. ఏసీ గదిలో ఉన్న సెలైన్‌ను అలాగే ఎక్కిస్తే ఇందాక పెంచిన వేడంతా పోతుంది.

నరం దొరకకపోతే, కోతి షాక్‌లో లేకపోతే, చర్మం కింద ఇవ్వొచ్చు. భుజపు ఎముకల మధ్య, రెండు పక్కటెముకల వైపులా, ఒక్కో చోట 50 మి.లీ. మించకుండా. 5 శాతం డెక్స్‌ట్రోజ్ మాత్రం చర్మం కింద వద్దు, అది ఒంట్లోని ఉప్పునూ నీటినీ అక్కడికే లాక్కుంటుంది. 6-8 గంటలైనా ఉబ్బు కరగలేదంటే రక్తప్రసరణే సరిగా లేదు. మళ్లీ అక్కడే పొడిచి లాభం లేదు, ఎలాగైనా నరమే వెతకాలి.

గ్లూకోమీటరుతో చెవి అంచు నుంచి చుక్క రక్తం చూడండి. 50 కంటే తక్కువుంటే, స్పృహ ఉన్నదానికి చిగుళ్లకు తేనె రాయండి. స్పృహ లేనిదానికి 25 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 1-2 మి.లీ., అంతే సెలైన్ కలిపి, డాక్టరు నిదానంగా నరంలోకి ఇస్తారు. నిస్త్రాణగా పడి ఉన్న కోతిపిల్లల్లో చాలాసార్లు తగ్గి ఉండేది ఇదే.

నీరు సరిపోయిందని చెప్పేది మూత్రం. బోను కింద ట్రే పెట్టి కొలవండి. గంటకు కిలోకు 1-2 మి.లీ. రావాలి, అంటే రోజుకు 120 నుంచి 240. పోయడం మొదలుపెట్టి 6 గంటలైనా చుక్క రాకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి, సెలైన్ వేగం మీరే పెంచకండి.

మేత: ఆకలి చూసి పెట్టొద్దు

వారం రోజులు తినని కోతికి గెల చూపిస్తే గెలంతా తింటుంది. ఆ రాత్రే చచ్చిపోవచ్చు. పస్తున్న ఒళ్లు ఒక్కసారిగా పిండిపదార్థం అందుకుంటే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. అందుకే మొదటి మేతకు ముందే విటమిన్ బి1 ఇంజక్షన్ ఇప్పించండి. ఇంకో ప్రమాదం ఉబ్బరం. పస్తు తర్వాతో మత్తు తర్వాతో ఒక్కసారిగా మేస్తే మకాక్ కడుపు గ్యాసుతో డప్పులా బిగుస్తుంది. పొట్ట మీద వేలితో కొడితే మోత వినిపించి, కోతి ఆయాసపడుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు. గొట్టం వేసి గాలి తీయడం ఒక్కటే దారి.

మేత లెక్క ఇదీ. మంచం పట్టిన 5 కిలోల కోతికి రోజుకు సుమారు 235 క్యాలరీలు కావాలి. మొదటి రోజు అందులో మూడో వంతు: 20 గ్రాముల రాగిపిండి, 5 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు, 250 మి.లీ. నీళ్లతో పల్చటి జావ. ఆరు సార్లుగా, ఒక్కోసారి 40 మి.లీ. రెండో రోజు అదే జావతోపాటు ఒక ఉడికించిన గుడ్డు మెదిపి. మూడో రోజు వాటితోపాటు ఒక చిన్న అరటిపండు. పొట్ట మెత్తగా ఉండి, విరేచనం ఆగితేనే రెండో మెట్టు ఎక్కండి, లేకపోతే ఉన్న మెట్టు మీదే ఇంకో రోజు.

జావను బలవంతంగా నోట్లో పోయకండి. కూర్చున్న కోతికి, సూది తీసిన సిరంజితో, పెదవి మూల నుంచి చెంప లోపలికి 1-2 మి.లీ. వేసి గుటక కనిపించాకే తర్వాతి చుక్క. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగలేనిదానికి డాక్టరు ముక్కు గొట్టం వేస్తారు.

మనలాగే కోతి కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. చిగుళ్లు చిదిమితే రక్తం వస్తున్నా, కీళ్లు ముట్టనివ్వకపోయినా ఇదీ అనుమానించండి. 500 మిల్లీగ్రాముల చప్పరించే బిళ్లలో పావు చాలు, కోలుకున్నాక రోజుకో చిన్న జామకాయ. గుడి మెట్ల మీద బిస్కెట్లు, లడ్డూలతో బతికిన కోతులకు జామకాయ మేతేనని కూడా తోచదు, ముక్కలు కోసి అలవాటు చేయాలి.

మందు మింగించే ఉపాయం

బుగ్గ సంచి ఇక్కడా మోసం చేస్తుంది. బిళ్ల పెట్టిన ముక్క నోట్లో వేసుకుని, మీరు చీటీలో 'ఇచ్చాం' అని రాసుకుని వెళ్లాక, నింపాదిగా బిళ్లను వేరు చేసి ఉమ్మేస్తుంది. మూడు ముక్కలు వాడండి. మొదటిది ఉత్త ఖర్జూరం, రెండోదాంట్లో మందు, మూడోది చూపిస్తూ. మూడోదాని ఆశకు రెండోది త్వరగా దిగుతుంది. తర్వాత పది నిమిషాలు నేల చూడండి. మెట్రోనిడజోల్ బిళ్ల కటిక చేదు, పిల్లల సిరప్ నయం. కోతి తింటున్న ఒకే ఒక మేతలో మందు కలపకండి. చేదు తగిలితే ఆ మేత కూడా మానేస్తుంది, అప్పుడు రెండు సమస్యలు.

నొప్పికి మెలాక్సికామ్ కిలోకు 0.1-0.2 మిల్లీగ్రాములు రోజుకోసారి వాడతారు, అయితే ఒంట్లో నీటి లోటు తీరాకే. ఎండిన ఒంటిలో అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంట్లో మిగిలిన ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మీకై మీరు వేయకండి.

కరెంటు దెబ్బ

మన పట్టణాల నుంచి వచ్చే కేసుల్లో ఎక్కువ ఓపిక అడిగేది ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ మీద దెబ్బ తిన్న కోతి మొదటి రోజు చేతి మీద చిన్న నల్లమచ్చతో కూర్చుని పండు తింటుంది. కరెంటు ఎముక వెంట లోపలి కండను ఉడికించి ఉంటుంది, అది బయటపడేది మూడో రోజుకో వారానికో. వేళ్లు నల్లబడి ఎండుతాయి. అందుకే మొదటి రోజే చెయ్యి తీసేయమని డాక్టరును తొందరపెట్టకండి. చచ్చిన భాగం, బతికిన భాగం మధ్య గీత తేలాక తీస్తే మిగిలేది ఎక్కువ. ఈలోగా చూడాల్సింది మూత్రం రంగు. డికాషన్‌లా వస్తే కుళ్లిన కండ నుంచి వచ్చిన రంగు మూత్రపిండాలకు అడ్డం పడుతోంది, వెంటనే డాక్టరుకు చెప్పి సెలైన్ పెంచించాలి. ధనుర్వాతం టీకా మరవొద్దు.

గాయాన్ని సెలైన్‌తో కడిగి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము రాయండి. పసుపు పూయకండి. గాయం రంగు తెలియనివ్వదు, డాక్టరుకు చూడాల్సింది ఆ రంగే. పురుగు పడితే ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటీ తీయాలి. పశువులకు పోసినట్టు టర్పెంటైన్ పోస్తే పచ్చికండ కాలుతుంది, కోతి దాన్ని నాకుతుంది కూడా. కట్టు విప్పేసే కోతికి బాగున్న చేతికి కూడా ఒక ఉత్తుత్తి కట్టు కట్టి చూడండి. కొన్ని దాన్ని పీక్కుంటూ అసలుదాన్ని వదిలేస్తాయి.

విరేచనాలు

రక్తం, చీము కలిసిన విరేచనమైతే షిగెల్లా అనే బ్యాక్టీరియా, అమీబా, బాలంటీడియం అనే పేగు పరాన్నజీవి, ఏదైనా కావచ్చు. షిగెల్లా మీకూ అంటుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందే వేడి తగ్గని మలం నమూనా ల్యాబుకు పంపండి, చల్లారితే అమీబా కదలిక కనిపించదు. నీళ్ల విరేచనంతో తాగగలిగే కోతికి ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపండి. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే విరేచనం పెరుగుతుంది.

గుంపు

ఒంటరి బోనులో కోతి తిండి మానేస్తుంది. తన గుంపు కనిపించేలా, కనీసం గొంతులు వినిపించేలా బోను పెట్టండి, అంటువ్యాధి ఉంటే వినికిడి చాలు. ఎన్నాళ్లు విడిగా ఉంటే గుంపులో దాని స్థానం అంత పోతుంది. తిరిగి కలిపేటప్పుడు ముందు కంచె పక్కన రెండు మూడు రోజులు, తర్వాత దాంతో పేలు చూసుకునే నేస్తం ఒక్కటీ లోపలికి, ఆ తర్వాతే మిగతావి. కలిపే రోజు మేత నాలుగైదు చోట్ల వెదజల్లండి, పెద్ద గండుకోతి ఒకేచోట కాపలా కాయకుండా.

2020లో నిర్మల్ దగ్గర చించోలి (బి)లో మొదలైన కోతుల పునరావాస కేంద్రం లాంటి చోట్ల ఆపరేషన్ గది దగ్గరే ఉంటుంది. అది లేనివారు పశువైద్యుడి ఫోన్ నంబరుతోపాటు, రాత్రిపూట వచ్చే రెండో డాక్టరుదీ బోను గది తలుపు మీద రాసి ఉంచుకోండి.

పోతే

ఊళ్లలో చనిపోయిన కోతికి డప్పులతో ఊరేగింపు చేసి, పసుపు కుంకుమ పెట్టి, చేతులతో మోసి పాతిపెడతారు. కేంద్రంలో పోయినదాన్ని ఊరివాళ్లు అడిగినా ఇవ్వకండి. అటవీ శాఖకు చెప్పి, పోస్టుమార్టం చేయించి, వారి ఎదుటే దహనం చేయాలి లేదా లోతుగా పూడ్చాలి. రేబిస్ అనుమానముంటే మెదడు నమూనా వెళ్లేదాకా తల దెబ్బతినకూడదు. కర్ణాటక అడవుల వైపు నుంచి వచ్చిన కోతి ఊరికే చచ్చిపోతే 1957లో అక్కడ బయటపడ్డ, పిడుదుల ద్వారా మనిషికీ సోకే క్యాసనూర్ అటవీ వ్యాధి గుర్తుకు రావాలి. కళేబరం చల్లబడగానే పిడుదులు దాన్ని వదిలి దగ్గర్లోని ఒంటికి పాకుతాయి. సంచిలో వేసి మూతి కట్టేదాకా దగ్గరికి వెళ్లేవారు నిండుగా కప్పుకోవాలి.

బోను ముందు సబ్బునీళ్లతో తోమి, మలం మరకలు పోయాక లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి పోసి, అరగంట ఆగి కడగండి. మరకలు ఉండగానే బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా ఆ మురికి మీదే అయిపోతుంది.